గుర్తు చెరిగిన పెట్టె

1952వ సంవత్సరమున మన దేశమందు తొలి సాధారణ ఎన్నికలు ముగిసినవి. నాడు కాగితముపై ముద్ర వేయు పద్ధతి లేదు. ప్రతి అభ్యర్థికిని ఒక ప్రత్యేకమైన పెట్టె, ఆ పెట్టెమీద అతని గుర్తు. ఓటరు తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో చీటి వేసి వచ్చెడివాడు. అప్పటికి మద్రాసు రాష్ట్రములో నున్న అనంతపురము శాసనసభా స్థానమున నీలం సంజీవరెడ్డిగారును తరిమెల నాగిరెడ్డిగారును తలపడిరి. ఒకరి పెట్టెమీద కాడెద్దుల జత, మరియొకరి పెట్టెమీద కంకి కొడవలి. చెరసాలనుండి పోటీచేసిన నాగిరెడ్డిగారు గెలిచిరి. పేరు చదువనేరని వారు సైతము బొమ్మను చదివి తాము కోరిన పెట్టెను పోల్చుకొనగలిగిరి.

ఒక్క క్షణము ఊహింపుడు. ఓట్లు వేయుట ముగిసిన పిమ్మట అట్టి పెట్టెమీది బొమ్మ తడిసి చెరిగిపోయినది. లోపలి ఓట్లు పోవునా? పోవు. కాని ఏ పెట్టె యెవరిదో తెలియక అందరును కలవరపడుదురు. ఆ కలవరములో ఎవడో ఒక తొందరపాటు మనిషి ‘ఇది ఉత్త పెట్టె కాబోలు’ నని దానిని బావిలో పారవేసినచో, ఓట్లు నిజముగానే పోవును. మొదటి నష్టము బొమ్మకు కలిగినది. రెండవ నష్టము మన తొందరపాటు వలన కలిగినది.

ఈ రెండు నష్టములకు గల భేదమే ఈ వ్యాసమునకు విషయము. ఇచ్చట పెట్టె యనగా ఎన్నికల పెట్టె కాదు. మన పాఠశాలల కంప్యూటరులలో పాఠములను దాచుకొను ఫోల్డరు. గుర్తు అనగా దానిపై మనము ఎంచి పెట్టుకొన్న చిన్న బొమ్మ.

మూలమూర్తి, ఉత్సవమూర్తి, అలంకారము

తెరపై కనబడు ఈ చిన్న బొమ్మను ‘ఐకాన్’ అందురు. గ్రీకు భాషలో ఈ మాటకు ప్రతిరూపమని యర్థము. దీనిని కంప్యూటరు పరిభాషలోనికి తెచ్చినవాడు డేవిడ్ కేన్‌ఫీల్డ్ స్మిత్. 1975లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన తన పరిశోధన గ్రంథమున ఆయన ఈ మాటను ప్రయోగించెను. రష్యా దేశపు క్రైస్తవాలయములలో భక్తులు కొలుచు పటములనుండి ఈ పేరు గ్రహించితినని తరువాతి కాలమున చెప్పెను. 1981లో జిరాక్సు సంస్థ వెలువరించిన ‘స్టార్’ యంత్రములో కాగితములు, ఫోల్డరులు బొమ్మలై తెరమీదికి వచ్చినవి. 1995 ఆగస్టు 24వ తేదీన విడుదలయిన విండోస్ 95తో ‘స్టార్టు మెనూ’ పుట్టినది. తెర అడుగుననున్న మీటను నొక్కగానే మన కార్యక్రమములన్నియు వరుసగా విచ్చుకొను ఆ పట్టికను మనము ‘ప్రారంభ పట్టిక’ అనవచ్చును.

పేర్లు పరదేశపువైనను ఇందలి భావము మనకు క్రొత్తది కాదు. కదిరి నరసింహస్వామి రథోత్సవమును చూచినవారెల్లరు ఎరిగినదే: రథమెక్కి వీథికి వచ్చునది ఉత్సవమూర్తి, గర్భాలయమున కదలక యుండునది మూలమూర్తి, ఏ నాటి కా నాడు మారునది అలంకారము. కంప్యూటరులో నిజమైన పాఠముల ఫోల్డరు మూలమూర్తి వంటిది. దానిని చేరుటకు ప్రారంభ పట్టికలోనో తెరమీదనో మనము పెట్టుకొను ‘షార్ట్‌కట్’ ఉత్సవమూర్తి వంటిది. బొమ్మ కేవలము అలంకారము. ఈ మూడింటిని వేరు వేరుగా గుర్తుంచుకొన్నవారికి తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

బడిలో బొమ్మల విలువ

అనంతపురపు పీఠభూమి వానచాటు సీమ. ఇచ్చట ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ పైరు ఎండిన ఏడాది కుటుంబములు పనులు వెదకుకొనుచు బెంగుళూరు వైపు వలసపోవుట మామూలు. వారి బిడ్డలు నడుమ బడి మానుటయు మరల వచ్చి చేరుటయు గలదు. అందువలన ఒకే తరగతిలో ధారాళముగ చదువగలవారును, అక్షరములు కూడబలుకుకొనువారును ప్రక్కప్రక్కనే కూర్చుందురు. అట్టి తరగతికి బొమ్మ గొప్ప సాయము. విజ్ఞానశాస్త్రపు ఫోల్డరుపై వేరుసెనగకాయ, చరిత్ర ఫోల్డరుపై లేపాక్షి నంది, పరిసరముల పాఠమునకు తిమ్మమ్మ మఱ్ఱిమాను, తెలుగు పాఠములకు నిమ్మలకుంట తోలుబొమ్మ — ఇట్లు పెట్టినచో ఏ పిల్లవాడును ఎవరినీ అడుగకయే తన పాఠమును తెరచుకొనును. అడుగుటకు సిగ్గుపడు పిల్లవానికి ఇది ఎంత మేలో ఉపాధ్యాయులు ఎరుగుదురు.

ఒకనాటి ఉదయము కంప్యూటరు తెరవగా నందియు లేదు, మఱ్ఱిమానును లేదు. అన్నియు ఒకే తీరు పసుపుపచ్చని ఫోల్డరులు. లేదా బొమ్మయుండవలసిన చోట తెల్లని కాగితపు ఆకారము. పిల్లలు ‘పాఠములు పోయినవి’ అందురు. పెద్దవారిలో ఒకరు ‘వైరసు పట్టినది, అంతయు తుడిచి క్రొత్తగా ఎక్కింపుడు’ అందురు. అసలు ప్రమాదము ఆ మాటలో నున్నది. ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి కూర్చుకొన్న ప్రశ్నపత్రములు, పిల్లలు తమ అవ్వలచేత చెప్పించి తెచ్చిన సామెతలు, పాడించి పట్టుకొన్న పాటలు ఆ యంత్రములో దప్ప మరియెచ్చటను లేకపోవచ్చును. చెరిగిన బొమ్మకొరకు వానిని తుడిచివేయుట గుర్తు పోయిన పెట్టెను బావిలో వేయుటయే.

ముందు చేయరాని పని

బోరులో నీరు రాకపోయినచో వివేకముగల రైతు ముందుగా కరెంటు ఉన్నదా యని చూచును. పిమ్మట ఫ్యూజు, స్టార్టరు, మోటారు, గొట్టము. ఇవన్నియు చూచిన తరువాతనే నీటి మాట తలపెట్టును. చూడకయే ప్రక్కన ఇంకొక బోరు, దాని ప్రక్కన మరియొక బోరు వేయించి అప్పులపాలయిన సంసారములను ఈ సీమ చాల చూచినది. కంప్యూటరును తుడిచివేయుట రెండవ బోరు వంటిది. అది కట్టకడపటి మాట. బొమ్మల విషయమున నైతే దాని అవసరమే కలుగదు.

కనుక మొదటి పరీక్ష ఇది. ఆ ఫోల్డరును తెరచి చూడవలెను. షార్ట్‌కట్ తెరచుకొననిచో ‘ఫైల్ ఎక్స్‌ప్లోరర్’ ద్వారా అసలు ఫోల్డరు ఉన్నచోటికే పోయి, దానిపై కుడిమీట నొక్కి ‘ప్రాపర్టీస్’ అనుదానిని చూడవలెను. లోపల ఎన్ని దస్త్రములున్నవో, అవి ఎంత పరిమాణము గలవో అచ్చట కనబడును. మూలమూర్తి భద్రముగా నున్నదని తెలిసినచో సగము దిగులు తీరినట్లే. ఆపైన ఆ ఫోల్డరునకు వేరొక డిస్కులో ఒక నకలు తీసి పెట్టి, తరువాత బొమ్మ సంగతి చూడవలెను.

బొమ్మ ఎచ్చట నుండును?

ఫోల్డరుకు మనమొక బొమ్మ పెట్టినపుడు ఆ బొమ్మ ఫోల్డరునకు అతుకుకొనదు. విండోస్ ఆ ఫోల్డరు లోపల ‘డెస్క్‌టాప్ డాట్ ఐ.ఎన్.ఐ.’ అను నొక చిన్న చీటిని కంటికి కనబడకుండ దాచును. ‘ఈ ఫోల్డరునకు తొడుగవలసిన బొమ్మ ఫలానా డ్రైవులో ఫలానా చోట నున్నది’ అని ఆ చీటిలో వ్రాసియుండును. ఫోల్డరును చూపవలసివచ్చిన ప్రతిసారియు యంత్రము ఆ చీటి చదివి, ఆ చిరునామాకు పోయి, బొమ్మను తెచ్చి తొడుగును. ఈ పనిలో ఏ మెట్టు తప్పినను అలంకారము లేని పసుపు ఫోల్డరే మిగులును. అందుచేత మెట్టు మెట్టుగా పరీక్షింపవలెను.

మొదటిది, చిరునామా. బొమ్మను పెన్‌డ్రైవులో నుంచి అక్కడనుండియే ఎంచినవారు తరచుగా ఈ చిక్కులో పడుదురు. పెన్‌డ్రైవు తీసివేయగానే బొమ్మ పోవును. మరల పెట్టినను నిన్న ‘ఇ’ అను అక్షరము పొందిన డ్రైవు నేడు ‘ఎఫ్’ కావచ్చును. ఇల్లు మారిన వానికి పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరము చేరునా? దీనికి మందు బొమ్మను ఆ ఫోల్డరు లోపలనే ఉంచి, చీటిలో దారియంతయు వ్రాయక బొమ్మ దస్త్రము పేరు మాత్రమే వ్రాయుట. అప్పుడు ఫోల్డరు ఎచ్చటికి పోయినను బొమ్మ దాని వెంటనే పోవును.

రెండవది, చీటిని చదువుటకు అనుమతి. ప్రతి ఫోల్డరులోను ఇట్టి చీటికొరకు వెదకుట యంత్రమునకు భారము. కావున ‘చదువుటకు మాత్రమే’ అనియో ‘వ్యవస్థకు చెందినది’ అనియో గుర్తుగల ఫోల్డరులలోనే అది చీటిని చూచును. ఫోల్డరును మూటగట్టి ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పంపినపుడు ఈ గుర్తు దారిలో జారిపోవచ్చును. చీటియు ఉండును, బొమ్మయు ఉండును, చదువువాడు మాత్రము ఉండడు. ‘ప్రాపర్టీస్’లోని ‘కస్టమైజ్’ అను పుటకు పోయి ‘చేంజ్ ఐకాన్’ నొక్కి అదే బొమ్మను మరల ఎంచినచో యంత్రము చీటిని వ్రాసి ఈ గుర్తును తానే పెట్టుకొనును.

మూడవది, బొమ్మ స్వరూపము. ఫోల్డరునకు పెట్టదగిన బొమ్మకు ‘ఐ.సి.ఓ.’ అను ప్రత్యేక రూపము కలదు. ఛాయాచిత్రపు దస్త్రము పేరు చివర ఆ మూడక్షరములు తగిలించినంత మాత్రమున దాని స్వరూపము మారదు. తగిన సాధనముతో మార్చవలెను. మంచి ఐకాన్ దస్త్రములో ఒకే బొమ్మ పలు కొలతలలో నుండును: 16, 32, 48, 256 చుక్కల వెడల్పులు వానిలో ముఖ్యమైనవి. ఒక్క పెద్ద కొలతయే యున్నచో చిన్నదిగా చూపవలసిన చోట బొమ్మ అలుకుకొనిపోవును. లేపాక్షి నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఏకశిల. దానిని 16 చుక్కలలోనికి దింపవలెనన్నచో మెడలోని గంటలును పట్టెడలును నిలువవు. మూపురము, ఎత్తిన మెడ ఈ రెండు రేఖలే నిలుచును. చిన్న బొమ్మకు కావలసినది వివరము కాదు, పోలిక.

నాలుగవది, యంత్రపు జ్ఞాపకము. ప్రతిసారియు బొమ్మలు వెదకు శ్రమ లేకుండ విండోస్ ఒకసారి చూచిన వానిని ఒక చిన్న కోశములో దాచుకొనును. ఆ కోశము చెడినచో మనము క్రొత్త బొమ్మ పెట్టినను అది పాతదానినే చూపును. ముందుగా కంప్యూటరును ఒకసారి ఆపి మరల తెరచి చూడవలెను. అప్పటికిని మారనిచో, తెలిసినవారి సాయముతో ‘ఐకాన్‌కాష్’ అని మొదలగు పేర్లుగల ఆ దస్త్రములను తొలగింపవచ్చును. యంత్రము వానిని తిరిగి తానే నిర్మించుకొనును. పాఠములకు ఇందువలన హాని లేదు.

లోపము కాదు, నియమము

ఈ నాలుగును సరిగా నున్నను ప్రారంభ పట్టికలో మాత్రము బొమ్మ మారదు. అనేకులు ఇచ్చటనే విసుగు చెందుదురు. ఇది లోపము కాదు. ప్రారంభ పట్టికలోని వరుస డిస్కులో రెండు చోట్ల నున్న ఫోల్డరులనుండి కూర్పబడును. ఒకటి యంత్రము వాడువారందరికిని ఉమ్మడి, రెండవది ఒక్కొక్కరి సొంతము. విండోస్ 10లోను 11లోను ఆ వరుసలో ఫోల్డరుగా కనబడు సమూహములకు సాధారణముగా ఒకే తీరు ఫోల్డరు రూపము చూపబడును. మనము పెట్టిన బొమ్మ డిస్కులో కనబడినను పట్టికలో కనబడదు.

దీనికి ఉపాయము ఉత్సవమూర్తియే. పాఠముల ఫోల్డరునకు ఒక షార్ట్‌కట్ చేసి, ఆ షార్ట్‌కట్‌కే ‘ప్రాపర్టీస్’ ద్వారా బొమ్మ నెంచి, దానిని సొంత ప్రారంభ పట్టిక ఫోల్డరులో నుంచవలెను. బొమ్మ షార్ట్‌కట్‌నకు చెందినది గనుక పట్టికలో చూపబడును. ఇచ్చట రెండు జాగ్రత్తలు అవసరము. అసలు పాఠములను ప్రారంభ పట్టికలోనికి తరలింపరాదు. మూలమూర్తిని రథమెక్కించి వీథిలో విడిచిపెట్టము గదా! రెండవది, షార్ట్‌కట్‌ను తొలగించినచో పాఠము పోదు; అసలు ఫోల్డరును తొలగించినచో షార్ట్‌కట్ ఎన్ని యున్నను పాఠము దక్కదు. ఈ భేదమును పిల్లలకు ఒకసారి చేసి చూపుట మేలు.

పేరు పెట్టుట

ఇంతయు చెప్పిన పిమ్మట ఒక్క మాట మిగిలినది. బొమ్మ యెంత అందమైనదైనను ఒక చిరునామాపై, ఒక అనుమతిపై, ఒక యంత్రపు జ్ఞాపకముపై ఆధారపడినది. పేరు అట్లు కాదు. అది ఫోల్డరుతోనే పుట్టి ఫోల్డరుతోనే పోవును. 1991లో యూనికోడు ప్రమాణమున తెలుగు లిపి చేరినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు అక్షరరూపము యంత్రముతోనే లభించినది. నాటినుండి ఫోల్డరునకు శుద్ధమైన తెలుగున పేరు పెట్టుటకు అడ్డులేదు. ఐనను ఎన్నో బడుల కంప్యూటరులలో ‘న్యూ ఫోల్డరు’, ‘న్యూ ఫోల్డరు రెండు’, ‘న్యూ ఫోల్డరు మూడు’ అను పేర్లే బారులు తీరియున్నవి. బొమ్మ చెరిగినపుడు కలవరము పుట్టుట అందువలననే.

‘ఏడవ తరగతి తెలుగు, మా ఊరి సామెతలు’ అని పేరు వ్రాసి, దానిపై తోలుబొమ్మను పెట్టుడు. ఇంకను చదువురాని పిల్లవాడు మొదట బొమ్మను చూచి తెరచును. రోజును ఆ బొమ్మ క్రిందనే ఆ అక్షరములను చూచుచుండును. బొమ్మ మాసిన నాడు వాడు పేరు చదివి తెరచినచో, ఆ బొమ్మ తన పని ముగించుకొనియే పోయినదని తెలిసికొనవలెను.