నొప్పి మాత్రతో దద్దుర్లు: ఇది వంశంలో వస్తుందా?

తలనొప్పికో, నడుము నొప్పికో ఒక మాత్ర వేసుకుంటాం. అరగంటకో, రెండు మూడు గంటలకో ఒళ్లంతా దురద మొదలవుతుంది. ఎర్రగా, ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తాయి. కొందరికి కనురెప్పలు, పెదవులు వాస్తాయి. తిన్నదేదో పడలేదనుకుని ఊరుకుంటాం. కొన్నాళ్లకు మళ్లీ అదే మాత్ర, మళ్లీ అవే దద్దుర్లు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరో "మీ దాదీకి కూడా ఇంతే, నొప్పి సూది పడేది కాదు" అంటారు. ఆ మాటతో రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది మన వంశంలో ఉందా? మన పిల్లలకు కూడా వస్తుందా?

వంశం పాత్ర కొంత ఉంది. అయితే అది ఒక్క జన్యువు చేసే పని కాదు, రక్త పరీక్షతో తేలే సంగతి కూడా కాదు. ఈ రెండు మాటలూ సరిగా అర్థమైతే అనవసరమైన భయం తగ్గుతుంది, అవసరమైన జాగ్రత్త పెరుగుతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆస్పిరిన్ 1899 నుంచి బజారులో ఉంది. అది వేసుకున్నవారిలో దద్దుర్లు, వాపు వచ్చిన సంగతి 1902లోనే వైద్యులు నమోదు చేశారు. కారణం తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆస్పిరిన్ మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతుందని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని, జ్వరాన్ని, వాపును పెంచుతాయి. అందుకే వాటిని ఆపితే ఉపశమనం కలుగుతుంది. అయితే వాటిలో ఒక రకం చర్మంలోని మాస్ట్ కణాలను అదుపులో ఉంచుతుంది. మాత్ర వల్ల ఆ అదుపు తప్పుతుంది. కాలువకు ఒక తూము మూస్తే నీరు రెండో తూముకు మళ్లినట్టు, ల్యూకోట్రైన్లు అనే వేరే పదార్థాలు ఎక్కువవుతాయి. మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ బయటపడుతుంది. దురద, దద్దుర్లు, వాపు దీని ఫలితమే.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రసాయనపరంగా వేర్వేరు మందులైనా చేసే పని ఒక్కటే. అందువల్ల చాలామందికి ఒకటి పడకపోతే తక్కినవీ పడవు. కంపెనీ మార్చినా, మాత్ర మార్చినా ఫలితం ఉండదు. మరికొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఒకే ఒక్క మందును శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. అలాంటివారికి వేరే రకం నొప్పి మందు పడవచ్చు. మనది ఏ రకమో తేల్చవలసింది వైద్యుడే.

జన్యువుల పాత్ర

దద్దుర్లు రావడానికి మూడు మెట్లున్నాయని అనుకుందాం: ల్యూకోట్రైన్ల తయారీ, మాస్ట్ కణాలు రెచ్చిపోవడం, విడుదలైన హిస్టమిన్ విరిగిపోవడం. మూడింటిలోనూ జన్యువుల తేడాలను పరిశోధకులు వెతికారు.

ల్యూకోట్రైన్లను తయారుచేసే ఒక ఎంజైము జన్యువులోని చిన్న మార్పును పోలండ్‌లో పరిశీలించారు. మాస్ట్ కణాల మీది గ్రాహకానికి సంబంధించిన జన్యువును, పరాయి పదార్థాలను గుర్తుపట్టడానికి తోడ్పడే హెచ్‌ఎల్‌ఏ జన్యువులను దక్షిణ కొరియాలో పరీక్షించారు. హిస్టమిన్‌ను విరగ్గొట్టే ఎంజైముల జన్యువుల మీద కొరియాలోనూ, స్పెయిన్‌లోనూ పని జరిగింది. అన్నిచోట్లా కొన్ని తేడాలు రోగుల్లో ఎక్కువగా కనిపించాయి.

కానీ ఒక దేశంలో కనిపించిన సంబంధం మరో దేశంలో కనిపించకపోవడం కూడా మామూలే. ఆ మార్పు ఉండి కూడా ఏ ఇబ్బందీ లేనివారున్నారు. అది లేకపోయినా దద్దుర్లు వచ్చేవారున్నారు. చిన్న చిన్న తేడాలు కొన్ని కలిసి, వాటికి మందు మోతాదు, జ్వరం, అంతకుముందే ఉన్న దద్దుర్ల జబ్బు లాంటివి తోడైతేనే సమస్య బయటపడుతుంది. అందుకే ఆసుపత్రుల్లో దీనికి జన్యు పరీక్ష వాడుకలో లేదు.

కాబట్టి అమ్మీకి పడనంత మాత్రాన కూతురికి పడదని తీర్మానించకూడదు. జ్వరంతో ఉన్న బిడ్డకు మందే ఇవ్వకుండా ఆపకూడదు. ఇంట్లో ఒకరికి ఉందని వైద్యుడికి చెబితే చాలు. పెళ్లి సంబంధాల దగ్గర దాచవలసిన జబ్బూ కాదిది. అలాగే "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ రాదు" అనుకోవడమూ పొరపాటే. ఏళ్ల తరబడి పడిన మాత్ర కూడా ఒకరోజు పడకపోవచ్చు.

మనం చేయవలసింది

దద్దుర్లు వచ్చిన రోజే మాత్రల అట్టను ఫోటో తీసుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, అట్ట మీద ఉండే అసలు మందు పేరు ముఖ్యం. పారాసెటమాల్ అనుకుని కొన్న మాత్రలో ఐబుప్రొఫెనో, ఎసిక్లోఫెనాకో కలిసి ఉండవచ్చు.

మామూలు మోతాదులో ఒట్టి పారాసెటమాల్ ఎక్కువమందికి పడుతుంది, అందరికీ కాదు. ఎటోరికాక్సిబ్ లాంటివి కూడా చాలామందికి పడతాయి. అయినా మొదటి మోతాదు వైద్యుని సమక్షంలోనే తీసుకోవాలి. అవసరమైతే ఆసుపత్రిలో కొద్దికొద్దిగా మందు ఇచ్చి పరీక్షిస్తారు. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని మానకూడదు.

ఊపిరి ఆడకపోవడం, గొంతు పట్టేయడం, నాలుక వాయడం, కళ్లు తిరిగి పడిపోవడం ప్రాణాపాయ సూచనలు. దురద మాత్ర వేసి చూద్దామని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూది.

చివరగా ఒక చిన్న పని. పడని మందు పేరు, వేసుకున్న మోతాదు, ఎంతసేపటికి ఏమైంది, ఏ తేదీన జరిగిందీ ఒక కార్డు మీద రాసి పర్సులో ఉంచుకోండి. పన్ను పీకించుకునేటప్పుడు, కాన్పుకు, ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు, నొప్పి సూది వేయించుకునే ముందు దాన్ని చూపించండి. హజ్‌కో, ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉద్యోగానికో వెళ్లేవారు దాన్ని ఇంగ్లీషులో రాసుకోవాలి. చదువు రాని పెద్దవాళ్లకు ఇంట్లో చదువుకున్న పిల్లలు రాసివ్వాలి. జన్యువులో ఏముందో ఇవాళ మనకెవరూ చదివి చెప్పలేరు. ఆ కార్డును మాత్రం ఏ వైద్యుడైనా చదవగలడు.