మరుగుపడిన స్వప్నచిత్రాలు

నాణేలు, తపాలా బిళ్లలు, గ్రామఫోను రికార్డులు సేకరించే అభిరుచి మనకు కొత్త కాదు. అయితే, కొద్దిమందే చూసినవీ, చూసినవారు కూడా కథ ఇదీ అని చెప్పలేనివీ అయిన చలనచిత్రాలను వెతికి భద్రపరచుకునేవారు కూడా వున్నారు. వారిని ఆకర్షించేది ఏమిటి?

అరుదైన వస్తువు తమ చేత వున్నదన్న తృప్తి కొంత కారణమే. అసలు కారణం వేరు. కథ తెలిసిపోయిన చిత్రాన్ని మళ్లీ చూడాలన్న ఆసక్తి సన్నగిల్లుతుంది. అధివాస్తవిక చిత్రమో, కల వంటిది. ఎన్నిసార్లు చూసినా కొంత మిగిలే వుంటుంది. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల కవిత్వం చదివినవారికి ఈ అనుభూతి అపరిచితం కాదు.

న్యూయార్కు వాసి జోసెఫ్ కార్నెల్ (1903-1972) ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన పాత చిత్రాలను సేకరించేవాడు. 1931లో వెలువడిన ‘ఈస్ట్ ఆఫ్ బోర్నియో’ అనే సాహసగాథ ప్రతిని కత్తిరించి, ముఖ్యంగా నాయిక రోజ్ హోబర్ట్ కనిపించే ఘట్టాలను వరుస తప్పించి అతికించాడు. సంభాషణలు తొలగించాడు. నీలిగాజు గుండా, వేగం తగ్గించి, గ్రామఫోను సంగీతంతో ప్రదర్శించాడు. నాయిక ఎదురుచూస్తుంది, ఉలికిపడుతుంది. కారణం మాత్రం తెలియదు. సామాన్యమైన కథ సుమారు 20 నిమిషాల స్వప్నంగా మారింది. దానికి ఆ నటి పేరే పెట్టాడు.

1936లో జరిగిన తొలి ప్రదర్శనలో, ఈ ఊహ తనదేనంటూ చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఆగ్రహించి ప్రొజెక్టరును పడదోశాడని చెబుతారు. స్వతహాగా బిడియస్తుడైన కార్నెల్ ఆ తరువాత చాలాకాలం తన చిత్రాలను బహిరంగంగా చూపడానికి వెనుకాడాడు. కొన్నాళ్లు ఆయన వద్ద పనిచేసిన కెన్ జేకబ్స్ ఆ ప్రతిని అడిగి తెచ్చుకుని, మిత్రుడైన జాక్ స్మిత్‌తో కలిసి పదేపదే చూశాడు. ఆ ఇద్దరూ అనంతరం న్యూయార్కు ప్రయోగచిత్రాలలో ప్రసిద్ధులైనారు. 2001లో ‘రోజ్ హోబర్ట్’ అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది.

నాణెం పెట్టెలో నూరేళ్లయినా నిలుస్తుంది. ఫిల్ము అట్లా నిలవదు. వేడికీ తేమకూ ఎసిటేటు ఫిల్ము పులిసిన వాసన కొట్టి, ముడుచుకుని, పెళుసుబారుతుంది. ప్రతులు రెండో మూడో వున్న చిత్రానికి ఆ నష్టం తీరనిది. అందుచేత సేకర్త కేవలం యజమాని కాడు, ధర్మకర్త. చల్లని చోట దాచడం, మరొక ప్రతి తీయించడం, నలుగురికీ చూపడం అతని విధులు. డాలీ కోపానికి జడిసి కార్నెల్ ఆ పెట్టెను తెరవకనే వుండివుంటే, ఆ స్వప్నం ఆయనతోనే అంతరించేది.