తెల్లబట్ట అంటే సిగ్గెందుకు? గర్భసంచి ముఖద్వారం గురించి ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాల్సిన సంగతులు

ఊరగాయ జాడీలో బూజు కనిపిస్తే వెంటనే పక్కింటి అక్కయ్యని అడుగుతాం. పిల్లాడికి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. మరి మనకే నెలల తరబడి తెల్లబట్ట అవుతూంటే? నడుం లాగేస్తూంటే? కలయిక తర్వాత రక్తం కనబడుతూంటే? "ఆడపుట్టుకకి ఇవన్నీ మామూలేలే" అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాం. కట్టుకున్నవాడికి కూడా చెప్పం.

దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. నెల్లూరు వెళ్ళి లేడీ డాక్టరుకి చూపించుకోవాలంటే ఒక రోజు పని పోతుంది. బస్సు ఖర్చు, తోడు ఒకరు. "ఏమిటే జబ్బు?" అని అత్తగారు అడిగితే ఏం చెప్పాలి? అందుకే ఈ వారం కాదు, వచ్చేవారం అంటూ వాయిదా వేస్తాం.

ఈ వాయిదాకి చెల్లించే మూల్యం చాలా పెద్దది. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది దానివల్ల చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ముందుగా కనిపెడితే చాలావరకు ఆపగలిగిన జబ్బు ఇది. బాధంతా అక్కడే ఉంది.

ఏది మామూలు, ఏది జబ్బు?

తెల్లబట్ట కాస్త కావడం జబ్బు కాదు. రెండు ముట్ల మధ్యలోనూ, ముట్టుకి ముందూ, కడుపుతో ఉన్నప్పుడూ పల్చగా, వాసన లేకుండా అవుతుంది. దురద ఉండదు. దీనికి మందు అక్కర్లేదు. "ఒంట్లో బలమంతా పోతోంది" అన్న భయమూ అక్కర్లేదు.

పెరుగు విరిగినట్టుగా ముద్దలు ముద్దలుగా ఉండి విపరీతంగా దురద పెడితే అది బూజు జాతి క్రిమివల్ల కావచ్చు. మధుమేహం ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ ఇది ఎక్కువగా వస్తుంది. చేపల కంపు కొడుతూంటే, పచ్చగా నురగగా ఉంటే, చీములా ఉంటే, పొత్తికడుపులో నొప్పి ఉంటే డాక్టరుకి చూపించాల్సిందే. డెట్టాలు నీళ్ళతోనూ, సబ్బుతోనూ లోపల కడగకండి. మేలు చేసే క్రిములు కూడా చచ్చి జబ్బు ముదురుతుంది.

మందు ఒక్కరే వేసుకుంటే చాలదు

సెగవ్యాధి, క్లమీడియా, ట్రైకోమోనాస్, సవాయి రోగం - ఇవన్నీ కలయిక ద్వారా అంటుకునేవే. ఆడవాళ్ళలో చాలాసార్లు ఏ బాధా లేకుండానే లోపల ఉండిపోతాయి. నిర్లక్ష్యం చేస్తే క్రిములు పైకి పాకి గర్భనాళాలు మూసుకుపోతాయి. పిల్లలు పుట్టకపోవడానికి ఇదొక కారణం. సవాయి రోగంలో పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది. కానీ జబ్బు ఒంట్లోనే ఉండి కడుపులో బిడ్డని దెబ్బతీస్తుంది. అందుకే గర్భిణులకి రక్తపరీక్ష చేస్తారు, దాన్ని తప్పించుకోకండి.

పనుల కోసం నెలల తరబడి బెంగుళూరు, చెన్నై వెళ్ళివచ్చే భర్తలున్న ఇళ్ళలో ఈ మాట మరీ కష్టం. మీరు ఎంత పద్ధతిగా ఉన్నా జబ్బు రావచ్చు. అది మీ తప్పు కాదు. అలాగని వెంటనే ఆయనని దోషిగా నిలబెట్టనూ అక్కర్లేదు, ఎప్పటిదో పాత జబ్బు కావచ్చు. "డాక్టరు ఇద్దరినీ మందు వేసుకోమన్నారు" అని ఒక్క ముక్క చెప్పండి. మీరొక్కరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది. ఇద్దరికీ నయమయ్యేదాకా కలయిక మానాలి, లేదా నిరోధ్ వాడాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ జబ్బుల మందులని జబ్బుని బట్టి రంగురంగుల ప్యాకెట్లలో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అడగండి.

చప్పుడు చేయని వైరస్

గర్భసంచి కింది కొసనే ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. కాపురం చేసే ఆడవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఎక్కువమందిలో రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ట వేసి, పది పదిహేనేళ్ళకి క్యాన్సర్‌గా మారుతుంది. అంటే మనకి చాలా గడువు ఉందన్నమాట!

వినిగరుతో ఒక్క నిమిషం పరీక్ష

వంటింట్లో వాడే వినిగరులో ఉండేది అసిటిక్ ఆమ్లమే. శుభ్రమైన దూదితో దాని పల్చని ద్రావణాన్ని ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. ఇది నర్సులు, డాక్టర్లు చేసే పరీక్ష. ఇంట్లో మీరు ప్రయత్నించకండి సుమా!

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 నుంచి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి, బస్తీల్లో వాళ్ళచేతే ఈ పరీక్ష చేయించారు. పరీక్ష జరిగినచోట ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు.

మచ్చ కనబడితే క్యాన్సర్ అని కాదు. చాలావాటిని చల్లదనంతోనో, వేడితోనో అక్కడికక్కడే పోగొట్టి అదేరోజు ఇంటికి పంపేస్తారు. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ముట్లుడిగినవాళ్ళకి పాప్ స్మియర్, హెచ్.పి.వి. పరీక్షలు మెరుగు. ఇన్ని ఉన్నా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి అయిదుగురు కూడా లేరు.

గర్భసంచి తీయించేస్తే సరా?

"పిల్లలు పుట్టేశారుగా, ఇక ఆ సంచీ ఎందుకు?" అనే మాట మన ఊళ్ళలో తరచు వింటాం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ - నూటికి దాదాపు తొమ్మిదిమంది! తెల్లబట్ట చాలావరకు మాత్రలతో తగ్గేదే. చిన్న వయసులో అండాశయాలతో సహా తీసేస్తే ముట్లు త్వరగా ఉడిగి, ఎముకలు బలహీనపడతాయి. ఎవరైనా ఆపరేషన్ అంటే "పరీక్షలో ఏం తేలింది?" అని అడిగి, ఇంకో డాక్టరుకి చూపించుకోండి.

అమ్మాయిలకి టీకా

9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్.పి.వి. టీకా బాగా పనిచేస్తుంది. మన దేశంలోనే తయారైన టీకా 2023లో విడుదలైంది. దీనిమీద అనుమానాలున్నాయి, అవి ఊరికే పుట్టినవి కావు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకి ఈ టీకా వేసినప్పుడు కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులకి సరిగ్గా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో వేయించడం పెద్ద తప్పని తేల్చారు. కాబట్టి టీకా వేయించండి, కానీ అన్నీ అడిగి తెలుసుకుని వేయించండి.

సారా దుకాణం మూయించిన చేతులివి

ఈ మెట్టలోనే, కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా నిషేధించింది. రోజుకి రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలూ ఈ జిల్లాలోనే ఊపందుకున్నాయి. అంతటి ఆడవాళ్ళకి ఈ ఒక్క మాట నోరు దాటకపోవడమేమిటి? వచ్చే పొదుపు మీటింగులో ఎత్తండి. ఆశా కార్యకర్తని పిలిచి, పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో కనుక్కోండి. పదిమంది కలిసి ఒకే బస్సెక్కితే ఎవరు ఎందుకు వెళ్తున్నారని అడిగేవాళ్ళుండరు!

గుర్తుంచుకోండి

* కలయిక తర్వాత, ముట్ల మధ్యలో, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి.
* ఏ బాధా లేకపోయినా 30 దాటితే పరీక్ష చేయించుకోండి.
* పరీక్షకి ముట్టు కాని రోజుల్లో వెళ్ళండి. ముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల మందులు పెట్టుకోవద్దు.
* టీకా వేయించుకున్నా, పెద్దయ్యాక పరీక్ష తప్పదు.
* మందుల షాపులో అడిగి మాత్రలు మింగకండి.