మీకు తెలుసా? పాత కారు స్పీడోమీటరు లోపల

పాత కార్ల స్పీడోమీటరులో ముల్లుకీ, దాన్ని కదిలించే అయస్కాంతానికీ మధ్య నేరుగా బిగింపే ఉండదు! గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ అయస్కాంతాన్ని గిరగిరా తిప్పుతుంది. దానికి దగ్గరగా, తగలకుండా, ముల్లు బిగించిన పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని వెంట లాగుతాయి. వెంట్రుకంత సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పెనుగులాట తేలిన చోటే ముల్లు నిలుస్తుంది. ఈ పద్ధతికి జర్మన్ ఇంజినీరు ఒట్టో షుల్ట్సె 1902లోనే పేటెంటు తీసుకున్నాడు.

అందుకే మీటరు బాగుచేసేటప్పుడు ముల్లు పీకే ముందు ఒక జాగ్రత్త తప్పదు. సున్నా దగ్గర ముల్లును ఆపే పుల్ల మీంచి దాన్ని మెల్లగా ఎత్తి దాటించి, స్ప్రింగు దాన్ని ఎక్కడ వదిలేస్తుందో డయలు మీద గుర్తు పెట్టుకోవాలి. తిరిగి బిగించాల్సింది అక్కడే.

బ్రిటిష్ ఎంజీబీ కారులోని స్మిత్స్ మీటరు డయలుపై 1280 వంటి చిన్న అంకె కనిపిస్తుంది. మైలుకు కేబుల్ తిరిగే చుట్లవి. గేర్‌బాక్స్ మార్చాక ఆ లెక్క కుదరకపోతే, మీటరును ఎంత బాగుచేసినా వేగం తప్పే చూపుతుంది.

1960ల నాటి చాలా బ్రిటిష్ కార్లలో పెట్రోలు, వేడి మీటర్లు రెండూ ఒకేసారి తప్పుతుంటే వాటిని విప్పకండి. ముందు వాటికి 10 వోల్టులు అందించే స్టెబిలైజరును చూడండి.

మరీ పాత కార్లలో, చీకట్లో మెరిసే డయళ్లలో కొన్నింటికి రేడియం రంగు పూశారు. మెరుపు ఎప్పుడో ఆరిపోయినా రేడియం పోదు. సగం తరగడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి డయలును గీకకూడదు, నోటితో ఊదకూడదు.