భూమి లెక్కల వెబ్‌సైటు మారునప్పుడు



శామీర్‌పేట చేరువనున్న మూడుచింతలపల్లి మేడ్చల్ ప్రాంతపు పెద్దలెఱిగిన గ్రామమే. ధరణి యను భూమి లెక్కల వెబ్‌సైటును నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు 2020 అక్టోబరు 29న అచటనే ప్రారంభించిరి. 2024లో దాని నిర్వహణము ఒక ప్రైవేటు సంస్థ చేతినుండి కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరునకు మాఱినది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. ఇల్లు మాఱినది సరే, సామానంతయు చేరినదా యని రైతు అడుగుట న్యాయమే గదా!

ఫోనులో కనబడు పుట ఒక్క చేతి వ్రాత కాదు. ప్రోగ్రాములు వ్రాయువారు వందలకొలది చిన్న ఫైళ్లను వ్రాయుదురు. వానినన్నిటిని కూర్చి, ఫోను చదువగల కట్టగా చేయు పనిముట్టు వేఱుగ నుండును. దానిని బిల్డ్ టూలు అందురు. ఈ పనిముట్లకును ముదిమి కలదు. వెబ్‌సైట్లు కట్టువారు ఏండ్ల తరబడి వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అను సాధనమును 2025 ఫిబ్రవరి 14న దాని కర్తలే విరమింపజేసి, వీట్ మొదలగు క్రొత్తవానికి మాఱుడని చెప్పిరి. మాఱనిచో దోషములు దిద్దువారుండరు; మాఱినచో ఇన్నాళ్లు చాటుననున్న లోపములు బయటపడును. అయినను మాఱుటయే మేలని నా యభిప్రాయము.

బిల్డ్ టూలు మాఱినంతమాత్రమున పుట కూర్పు మాఱునే గాని, మీ పట్టా లెక్క మాఱదు. వెబ్‌సైటే మాఱి, లెక్కలను ఒకచోటినుండి మఱియొకచోటికి తరలించునప్పుడే జాగ్రత్త కావలెను. రెండెకరముల ఇరువది గుంటలను పహాణీలో 2.20 అని వ్రాయుదురు. దీనిని దశాంశముగా తలచు ప్రోగ్రాము చివరి సున్నను వదలి 2.2 అని చూపవచ్చును. చదువువాడు రెండెకరముల రెండు గుంటలనుకొనును. దశాంశముగనే గుణించినచో రెండెకరముల ఎనిమిది గుంటలగును, ఏలనన ఎకరమునకు నలుబది గుంటలు. ఒక్క చుక్క మూలమున పండ్రెండు గుంటలు పోయినట్లే! నగరము ప్రక్కనున్న మన నేలలో గుంట వెల యెంతయో మీకు నేను చెప్పవలెనా? సర్వే నంబరు 5/2ను తేదీగా మార్చివేయు లెక్కల పట్టికలును కలవు. వినుటకు నవ్వు వచ్చును గాని, ఆ నేల గలవానికి నవ్వు రాదు.

ఇట్లు మనయొద్ద జరిగినదని నేననుట లేదు. నేర్పరులు ఇట్టివానిని ముందే యెదురుచూతురు. పాతదానిని చెఱపక యుంచి, అదే సర్వే నంబరును రెండింటను తెఱచి సరిచూతురు; గ్రామము మొత్తపు విస్తీర్ణమును కూడి, గుంట తేడా వచ్చినను ఆగుదురు. తొలుత కొద్దిచోట్లనే నడిపి చూతురు. భూభారతిని మొదట లింగంపేట, మద్దూరు, వెంకటాపూరు, నేలకొండపల్లి మండలములలో పరీక్షించుట యిందులకే.

ఆ సరిచూచు పనిని మీరును చేయవచ్చును. పాత పహాణీ నకలును, పాసుపుస్తకమును ముందు పెట్టుకొని, ఖాతా సంఖ్య, సర్వే నంబరు, దాని ఉపసంఖ్య, పేరులోని అక్షరములు, విస్తీర్ణము వరుసగా చూడుడు. చదువుకొన్న మనుమడు ఫోను పట్టినను, అంకెలు మీరే చదువుడు. గుంటల లెక్క వానికి తెలియకపోవచ్చును. తేడా కనబడినచో ఆ పుటను అచ్చు వేయించి, పాత నకలుతో జతపఱచి తహశీల్దారుగారికి అర్జీ యిచ్చి, రసీదు తీసికొనుడు. పాత కాగితములను మాత్రము చింపివేయకుడు.