ప్రోటాన్ బరువు ఎక్కడిది?

ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. కణ భౌతిక శాస్త్రవేత్తలు ద్రవ్యరాశిని శక్తి ప్రమాణాల్లోనే లెక్కగడతారు. ఈ వ్యాసంలో ఆ ప్రమాణాన్ని క్లుప్తంగా 'యూనిట్' అందాం. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ఉంటాయి. అప్ క్వార్కు సొంత ద్రవ్యరాశి సుమారు 2 యూనిట్లు, డౌన్ క్వార్కుది 5 యూనిట్ల లోపు. మూడూ కలిపితే సుమారు 9 యూనిట్లు. మరి మిగతా 929 ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇది చిన్న తేడా కాదు. అరవై కిలోల మనిషి ఒంట్లోని క్వార్కులన్నిటి సొంత ద్రవ్యరాశి కలిపినా ముప్పాతిక కిలోకు మించదు. 2012లో హిగ్స్ బోసాన్ దొరికినప్పుడు విశ్వంలోని ద్రవ్యరాశి అంతటికీ మూలం అదేనన్న ప్రచారం బాగా జరిగింది. క్వార్కులకూ ఎలక్ట్రాన్లకూ ద్రవ్యరాశి హిగ్స్ క్షేత్రం వల్లే వస్తుందన్న మాట నిజమే. కానీ మన తూకంలో క్వార్కుల సొంత వాటా నూటికి ఒకటి. తక్కినదంతా ప్రబల బలం పుణ్యమే.

కేంద్రకంలో ప్రోటాన్లు ఒకదానినొకటి అంటుకున్నంత దగ్గరగా ఉంటాయి. ఒక ఫెర్మీ, అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు దూరంలో ఉన్న రెండు ధనావేశాలు ఇరవై మూడు కిలోల బరువంత బలంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ తోపుడును అణచి కేంద్రకాన్ని పట్టి ఉంచడానికి మరో బలం కావాలి. అదే ప్రబల బలం. అది విద్యుత్ బలాన్ని మించినదై ఉండాలి, కేంద్రకం దాటితే కనిపించకుండా పోవాలి. 1935లో జపాన్ శాస్త్రవేత్త హిడెకి యుకావా ఈ బలాన్ని మోసే కణం ఒకటి ఉండాలని ఊహించాడు. 1940 దశకం మొదట్లో బిభా చౌధురి, దేబేంద్ర మోహన్ బోస్ డార్జిలింగ్ కొండల మీద ఫొటోగ్రాఫిక్ ప్లేట్లను కాస్మిక్ కిరణాలకు ఎదురుగా ఉంచి మీసాన్లనే కణాల జాడలు పట్టారు, ఫలితాలను 'నేచర్' పత్రికలో ప్రచురించారు. యుద్ధకాలంలో వారికి మేలైన ప్లేట్లు దొరకలేదు. అదే పద్ధతిలో, అంతకన్నా నాణ్యమైన ప్లేట్లతో, 1947లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం యుకావా ఊహించిన పయాన్‌ను నిర్ధారించింది.

ఆ తర్వాత కొత్త కణాలు వరసగా బయటపడ్డాయి. ప్రబల బలానికి లోబడే ఈ కణాలన్నిటినీ కలిపి హాడ్రాన్లంటారు. 1961లో ముర్రే గెల్‌మన్, యువాల్ నీమన్ ఎవరికి వారుగా వీటిని గణిత సౌష్ఠవం ప్రకారం కుటుంబాలుగా అమర్చారు. పది కణాలుండాల్సిన ఒక కుటుంబంలో తొమ్మిదే తేలాయి. పదోదానికి ఒమేగా మైనస్ అని పేరుపెట్టి, దాని ఆవేశం ఎంతో, ద్రవ్యరాశి సుమారుగా ఎంతుండాలో గెల్‌మన్ 1962లోనే చెప్పాడు.

1964 ఫిబ్రవరిలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో అది కనిపించింది. అక్కడి బబుల్ ఛాంబర్ నిండా ద్రవ హైడ్రోజన్ ఉండేది. ఆవేశమున్న కణం అందులోంచి దూసుకుపోతే దారి పొడవునా సన్నని బుడగల గీత పడుతుంది. కేయాన్లనే కణాల పుంజాన్ని ఛాంబర్‌లోకి పంపి తీసిన దాదాపు లక్ష ఫొటోలను పరిశోధకులు ఓపికగా జల్లెడ పట్టారు. ఒక ఫొటోలో, కేయాన్ ప్రోటాన్‌ను ఢీకొన్న చోటునుంచి చిన్న గీత బయలుదేరింది. రెండు మూడు సెంటీమీటర్లు పోయి విరిగింది. అక్కడినుంచి పయాన్ ఒక పక్కకు వెళ్లింది. దానితో పుట్టిన మరో కణానికి ఆవేశం లేదు కాబట్టి గీత పడలేదు. కాస్త దూరాన ఉన్న వేరే గీతలను కొలిచి, లెక్క వెనక్కి నడిపించి, కనిపించని ఆ కణాన్ని కూడా పట్టుకున్నారు. ఒమేగా మైనస్ ద్రవ్యరాశి 1672 యూనిట్లని ఇప్పుడు మనకు తెలుసు. గెల్‌మన్ అంచనా దీనికి చాలా దగ్గర.

అదే ఏడు గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ విడివిడిగా క్వార్కులను ప్రతిపాదించారు. క్వార్కులు మూడేసి కలిస్తే బేరియాన్, క్వార్కు ప్రతిక్వార్కుతో జతకడితే మీసాన్. కుటుంబాల లెక్క చక్కగా కుదిరింది, కానీ ఒమేగా మైనస్ దగ్గరే చిక్కు వచ్చింది. అందులో ఉన్నవి మూడూ స్ట్రేంజ్ అనే ఒకే రకం క్వార్కులే, మూడింటి స్పిన్ ఒకే వైపు. ఇంటర్‌లో మనం చదువుకున్న పౌలీ వర్జన నియమం ప్రకారం అలాంటి కణాలు ఒకే స్థితిలో ఉండకూడదు. అంటే ఆ మూడింటినీ వేరుచేసే ధర్మం మరొకటి ఉండి తీరాలి. దానికి 'రంగు' అని పేరు పెట్టారు. కంటికి కనిపించే రంగులతో దీనికి సంబంధం లేదు. ఇది విద్యుదావేశం వంటి ఒక ఆవేశం, కాకపోతే మూడు రకాలు. ప్రబల బలం పట్టేది ఈ రంగునే. కేంద్రకాన్ని కట్టి ఉంచేది దాని శేషం మాత్రమే. అసలు బలమంతా ప్రోటాన్ లోపల ఉంది.

1960ల చివర్లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లతో ప్రోటాన్లను కొట్టినప్పుడు లోపల బిందువుల్లాంటి కణాలు తగిలాయి. అవి దాదాపు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు తేలింది. మరి ఎంత గట్టిగా కొట్టినా ఒక్కటీ ఒంటరిగా బయటికి రాదేం? 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్ దారి చూపారు. విద్యుత్ బలాన్ని మోసే ఫోటాన్‌కు ఆవేశం లేదు. ప్రబల బలాన్ని మోసే గ్లూవాన్‌కు మాత్రం రంగు ఉంది, అందువల్ల గ్లూవాన్లు తమలో తామూ పెనవేసుకుంటాయి. ఫలితంగా క్వార్కులు దగ్గరైనకొద్దీ బలం సన్నగిల్లుతుంది, దూరమైతే తగ్గనే తగ్గదు. ఒక ఫెర్మీ దాటాక కూడా క్వార్కును వెనక్కి లాగే బలం దాదాపు పదిహేను టన్నులు, నిండా సరుకెత్తిన లారీ బరువంత. ఇంకా లాగితే అందులో చేరిన శక్తే కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంటగా మారుతుంది. ఒంటరి క్వార్కు బదులు మరో హాడ్రాన్ చేతికొస్తుంది. ఈ ముగ్గురికీ 2004లో నోబెల్ బహుమతి లభించింది.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఫెర్మీ కన్నా ఇరుకు చోట బందీ అయిన క్వార్కు, అనిశ్చితత్వ నియమం ప్రకారం, కదలకుండా ఉండలేదు. కాంతి వేగానికి దగ్గరగా పరుగెడుతుంది. ఆ గతిశక్తి, దాన్ని బంధించిన గ్లూవాన్ క్షేత్రంలోని శక్తి కలిసి, ఐన్‌స్టైన్ చెప్పినట్టు, ద్రవ్యరాశిగా తూగుతాయి. వస్తువులో ఉన్న పదార్థ పరిమాణమే ద్రవ్యరాశి అని బడిలో నేర్చుకున్నాం. ప్రోటాన్ విషయంలో ఆ నిర్వచనం చాలదు. ప్రోటాన్ బరువులో ఎక్కువ భాగం బంధంలో ఉన్న శక్తే.

ఇది మాటల్లో చెప్పుకుని సంతృప్తిపడే వివరణ కాదు. స్థలకాలాలను గళ్లుగా విడగొట్టి సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించే పద్ధతిని కెన్నెత్ విల్సన్ 1974లో ప్రతిపాదించాడు. 2008లో యూరప్ శాస్త్రవేత్తల బృందం ఒకటి ఆ పద్ధతిలో, సూపర్ కంప్యూటర్ల సాయంతో, ప్రోటాన్‌తో సహా తేలిక హాడ్రాన్ల ద్రవ్యరాశులను కొద్ది శాతం తేడాలోపు రాబట్టింది. లెక్క ప్రయోగంతో సరిపోయింది.

అలాగని ఆ ఒక్క శాతాన్ని తీసిపారేయకూడదు. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా 1.3 యూనిట్లు బరువెక్కువ. డౌన్ క్వార్కు అప్ కన్నా కాస్త బరువు కావడమే అందుకు కారణం. ఆ తేడా తలకిందులై ఉంటే ప్రోటానే విచ్ఛిన్నమై న్యూట్రాన్‌గా మారిపోయేది. హైడ్రోజన్ నిలిచేది కాదు. నీరు ఉండదు, సూర్యుడు ఇప్పటిలా వెలగడు. బరువు దాదాపు అంతా ప్రబల బలానిదే అయినా, ప్రపంచం ఈ తీరున ఉండాలని తీర్పు చెప్పింది ఆ కొద్దిపాటి వాటాయే.

ప్రబల బలపు అసలు సమీకరణాన్ని ఒక్క వరుసలో రాయవచ్చు. కానీ రంగున్న కణం ఎందుకు ఒంటరిగా బయటపడదో అందులోంచి గణితపరంగా నిరూపించడం ఇంతవరకూ ఎవరికీ సాధ్యపడలేదు. దీనికి దగ్గరి సంబంధమున్న సమస్యకు క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. అది ఇంకా అలాగే ఉంది. భౌతికశాస్త్రం, గణితం రెండూ ఇష్టపడే విద్యార్థి జీవితకాలం వెచ్చించదగ్గ సమస్య ఇది. అడిగేది మనం దేనితో తయారయ్యామన్న ప్రశ్న, అందులో సగం జవాబు ఇప్పటికే మన చేతిలో ఉంది.