డొల్ల మోత పోయింది!

పెళ్లికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు ప్యాసయ్యాను. ఆ మిషన్ మీద వేళ్లకు తెలిసే గట్టిదనం మళ్లీ కావాలనిపించి, ఇంట్లో చేసే డిటిపి పనికి మెకానికల్ కీబోర్డు కొనుక్కున్నాను. తీరా చూస్తే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఒకటే మోత! రాత్రి పదింటికి కూర్చుంటే పక్క గదిలో అత్తయ్యగారికి నిద్ర ఉండేది కాదు. "పగలు చేసుకోకూడదుటమ్మా?" అనేవారు. పగలు నాకు తీరికేదీ? మానేద్దామంటే చేతిలో ఆడే నాలుగు డబ్బులూ పోతాయి.

ఓ ఆదివారం ధైర్యం చేసి స్క్రూలు విప్పాను. లోపలంతా బోలు! మోతకు కారణం అదే. స్క్రూల చోటు వదిలి, అడుగున పలుచని ఫోమ్ షీటు పరిచాను. సర్క్యూట్ బోర్డు వెనక మాస్కింగ్ టేపు మూడు వరసలు అంటించాను. స్పేస్‌బార్ కింద గలగలలాడే తీగ చివర్లకు డైఎలక్ట్రిక్ గ్రీజు కాస్త పూశాను.

మీరూ చేయదలిస్తే ముందు కేబుల్ పీకేయండి. రేకు టేపు వాడొద్దు, షార్ట్ అవుతుంది. ఫోమ్ మందమైతే మూత పట్టదు. కొత్తదైతే విప్పేముందు గ్యారంటీ కార్డు చూసుకోండి.

ఇప్పుడు మీటలు దిటవుగా, మెత్తగా పలుకుతున్నాయి. మొన్న పొద్దున్నే అత్తయ్యగారు అడిగారు, "రాత్రి పని లేదుటమ్మా?" అని. పదకొండు పేజీలు పూర్తిచేశాను మరి!